ఇంట్లో ఒకరికి మనసు బాగోలేనప్పుడు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కాలికి దెబ్బ తగిలితే ఆ పూటే ఆటో కట్టించుకుని ఆసుపత్రికి వెళ్తాం. మనసు చెదిరితే మాత్రం "నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో" అనుకుంటూనే నెలలు గడిపేస్తాం. ఆ నెలలు తగ్గాలనే ఈ జవాబులు రాశాం. ప్రాణాపాయం అనిపిస్తే ఇదంతా చదువుతూ కూర్చోకండి. వెంటనే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మాట్లాడే మనిషి కావాలంటే టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

మామూలు దిగులుకీ జబ్బుకీ తేడా ఎలా తెలుస్తుంది?

రెండు వారాల లెక్క పెట్టుకోండి. మనసు దిగాలుగా ఉండటం, ఇదివరకు ఇష్టపడి చేసిన పనులమీద ఆసక్తి చచ్చిపోవడం, వీటిలో ఏ ఒక్కటైనా దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాలపాటు ఉంటే డాక్టరుకు చూపించాలి. తిండీ నిద్రా కూడా మారతాయి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ కన్ను మూతపడకపోవడం డిప్రెషన్‌లో తరచూ కనిపించే గుర్తు.

అయితే మన పల్లెల్లో "నాకు దిగులుగా ఉంది" అని నోరు తెరిచి చెప్పేవాళ్ళు తక్కువ. ఒళ్ళు మంటలంటారు, తల దిమ్ముగా ఉందంటారు, గుండె దడ అంటారు, గ్యాస్ అంటారు. ఈసీజీ తీయిస్తారు, స్కానింగ్ చేయిస్తారు, అన్నీ బాగానే ఉన్నాయని రిపోర్టు వస్తుంది. అక్కణ్ణించి ఇంట్లో "నీకేమీ లేదు, అంతా నాటకం" అనే మాట మొదలవుతుంది. దయచేసి ఆ మాట అనకండి. ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. డిప్రెషన్ ఒంట్లోంచి కూడా మాట్లాడుతుంది. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12 లోపం కూడా ఇలాగే నీరసపెడతాయి కాబట్టి ఆ పరీక్షలు ఒకసారి చేయించి, అవి సరిగానే ఉంటే మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. స్కానింగులు మళ్ళీ మళ్ళీ తీయించి డబ్బు పోగొట్టుకోకండి.

అడిగితే "ఏం లేదు" అంటున్నారు. మాట ఎలా కలపాలి?

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే విచారణలా ఉంటుంది. పక్కపక్కన కూర్చుని, చేతులకు పని ఉన్నప్పుడు నోరు తేలిగ్గా విప్పుకుంటుంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడు, పొలం గట్టున నడుస్తున్నప్పుడు, సాయంత్రం అరుగుమీద చేటలో బియ్యం ఏరుతున్నప్పుడు అడగండి. "అప్పా, నెల్లాళ్ళుగా సూత్తన్నాను, నువ్వు సరిగా తినట్లేదు. ఏటైంది?" అని మీ కంటికి కనిపించిన దానితోనే మొదలుపెట్టండి. అడిగాక మీ చెయ్యి రాళ్ళు ఏరుతూనే ఉండాలి. ఒక నిమిషం గడుస్తుంది, రెండు గడుస్తాయి. ఆ ఖాళీని మీ మాటలతో నింపకండి. ఒక బియ్యపు గింజను వేళ్ళ మధ్య తిప్పుతూ, తల ఎత్తకుండానే ఆవిడ మొదలుపెడుతుంది.

మొదలుపెట్టాక అడ్డు రాకండి. "నీకేం తక్కువ? అందరికీ కష్టాలు లేవా? ధైర్యంగా ఉండు" అన్న మూడు మాటలూ మంచి మనసుతో అనేవే, కానీ చెప్పబోయే నోటిని మూయించేవి కూడా అవే. "అంత కష్టంగా ఉందా, ఇంకా చెప్పు" అంటే చాలు. మొదటి రోజు ఏమీ చెప్పకపోతే మర్నాడు మళ్ళీ పక్కన కూర్చోండి.

"చచ్చిపోతే బాగుణ్ణు" అంటున్నారు. బెదిరింపా, నిజమా?

నిజమనే తీసుకోండి. "అనేవాళ్ళు చేసుకోరు" అనే నమ్మకం తప్పు. ఆ మాట ముందుగా ఎవరితోనో ఒకరితో అన్నవాళ్ళు చాలామంది ఉంటారు. సూటిగా అడగండి: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలాగో ఏమైనా అనుకున్నావా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా పుట్టదు. అడిగినందుకు చాలామందికి గుండె బరువు దిగుతుంది. ఎలా, ఎప్పుడు అన్నది అనుకుని ఉన్నా, వస్తువులు పంచిపెడుతున్నా, అప్పగింతల మాటలు చెబుతున్నా, ఎన్నో రోజులు కుమిలిపోయి హఠాత్తుగా ప్రశాంతంగా మారిపోయినా ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

తర్వాత చేయాల్సింది ఇల్లు సర్దడం. మన జిల్లాల్లో వరి, మొక్కజొన్న, పత్తి సాగుచేసే ఇళ్ళల్లో పురుగుమందు డబ్బా పశువుల శాలలోనో, మంచం కిందో ఉంటుంది. ప్రాణం తీసుకోవాలన్న ఉద్రేకం చాలాసార్లు కొన్ని నిమిషాలూ గంటలే ఉంటుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి బతుకుతాడు. మందు డబ్బాలు ఊళ్ళో వేరేవాళ్ళ దగ్గర, తాళం వేసిన పెట్టెలో పెట్టించండి. ఆ విడతకు సరిపడా మాత్రమే కొనండి. ఇంట్లో ఎవరి మాత్రలైనా వారానికి సరిపడా తప్ప ఉంచకండి. తాళంచెవి ఎక్కడుందో ఆ మనిషికి తెలియకూడదు.

ఒకవేళ ఏదైనా తాగేశారని తెలిస్తే ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించే ప్రయత్నం వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. 108కి ఫోన్ చేసి, తాగిన డబ్బాను పారేయకుండా వెంట తీసుకెళ్ళండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరుకు విరుగుడు తేలుతుంది. కాసేపటికి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్ళడం మానకండి.

పోలీసు కేసు భయంతో దాచేవాళ్ళున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆసుపత్రివాళ్ళు పోలీసులకు సమాచారం ఇస్తారు, వాళ్ళొచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు. దానికి భయపడి ప్రాణం పోగొట్టుకోకండి.

ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఏం పట్టుకెళ్ళాలి?

మొదటి మెట్టు మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్, ఆ తర్వాత పీహెచ్‌సీ. శ్రీకాకుళంలో పాత రిమ్స్, అంటే ఇప్పటి సర్వజన ఆసుపత్రిలోనూ, విజయనగరం సర్వజన ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. బాగా తీవ్రంగా ఉంటే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపుతారు.

బయల్దేరే ముందు ఒక తెల్ల కాగితంమీద నాలుగు విషయాలు రాయండి: ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, ఇప్పుడు వాడుతున్న ప్రతి మందు పేరు (నాటుమందులతో సహా), రక్తసంబంధీకుల్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా. ఓపీలో డాక్టరు దగ్గర మీకు దొరికే సమయం తక్కువ, ఆ కాగితం అరగంట మాటల పని చేసిపెడుతుంది. పాత చీటీలు, ఆధార్ వెంట ఉంచుకోండి. రోగితో డాక్టరు ఒంటరిగా మాట్లాడతానంటే బయటికి రండి. అత్త ముందు కోడలు, తండ్రి ముందు కొడుకు చెప్పలేనివి ఉంటాయి.

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందు రాస్తారు. సైకాలజిస్ట్ మాటలతో చికిత్స చేస్తారు. చాలామందికి ఇద్దరూ అవసరమవుతారు.

మందులు జీవితాంతం వాడాలా? మత్తుమందులేనా?

డిప్రెషన్ మందులు మత్తుమందులు కావు, అలవాటు పడిపోయేవీ కావు. వీటితో వచ్చే చిక్కు వేరు. అవి పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా పనిచేయడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అందుకే పది రోజులు వాడి "గుణం లేదు, పైగా తిప్పుతోంది" అని మానేస్తారు. ఇంకో రెండు వారాలు ఓర్చుకుంటే తేడా తెలిసేది. పాతికేళ్ళ లోపు పిల్లలైతే ఈ మొదటి వారాల్లో అశాంతి, చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో దగ్గరుండి కనిపెట్టండి.

రెండో తప్పు, బాగుందని మానేయడం. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు డోసు తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం జరుగుతుంది.

నిజంగా అలవాటు పడేవి ఆల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు. చీటీ లేకుండా దుకాణంలో కొని ఏళ్ళ తరబడి మింగేవాళ్ళున్నారు. అవి రెండు నుంచి నాలుగు వారాలకు మించకుండా వాడాల్సినవి. ఎన్నాళ్ళుగానో వాడుతున్నవాళ్ళు ఈ సంగతి చదివి రేపే ఆపేయకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు నెమ్మదిగా తగ్గిస్తారు.

లేని మాటలు చెవిలో వినబడే స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకిచ్చే కొన్ని మందులతో మెడ ఒక పక్కకు లాగేయడం, దవడ బిగుసుకోవడం, కళ్ళు పైకి తిరగడం జరగొచ్చు. చూసేవాళ్ళు హడలిపోయి "దెయ్యం పట్టింది" అంటారు. అది మందు వల్లే. ఆసుపత్రిలో ఒక ఇంజెక్షన్‌తో కాసేపట్లో సర్దుకుంటుంది.

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఈ మందులు వాడొచ్చా?

వాడొచ్చు, కానీ మానసిక వైద్యుడికి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో మొదటే చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస, మందస వైపు వాళ్ళు ఇది అస్సలు మరిచిపోకూడదు. ముఖ్యంగా లిథియం అనే మందు ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల గుండానే. కిడ్నీ మందగిస్తే అది రక్తంలో పేరుకుని విషమవుతుంది. లిథియం వాడేవాళ్ళు రక్తపరీక్షలు తప్పకూడదు, ఎండలో జీడితోట పనికి వెళ్ళే రోజు నీళ్ళు, ఉప్పు తగ్గకూడదు (నీళ్ళకు, ఉప్పుకు డాక్టరు కొలత పెట్టి ఉంటే ఆ కొలతే). ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ మింగకూడదు. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దముద్దగా వచ్చినా, వాంతులైనా మందు ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకో మాట. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే మనిషి నిరాశలో ఉంటే "అంత జబ్బులో దిగులు మామూలే కదా" అని వదిలేస్తారు. కారణం ఉన్న డిప్రెషన్‌కు కూడా వైద్యం ఉంది. డయాలసిస్‌కు రాననడం, తిండి మానేయడం కనిపిస్తే అక్కడి నర్సుకు చెప్పండి.

తాగుడు మానిపించాలి. తెలియకుండా కూరలో కలిపే మందు ఇవ్వొచ్చా?

వద్దు. ఎంత బతిమాలినా ఇదే జవాబు. అలా అమ్మేవాటిలో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. ఆ మందు మంచిదే, కానీ మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూసి, కనీసం 12 గంటలు చుక్క ముట్టకుండా ఉన్నాక వేసుకోవాలి.

రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం కూడా ప్రమాదమే. ఆపిన ఆరు గంటల నుంచి వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరు లేనివి చూస్తారు, ఎక్కడున్నారో తెలియకుండా పోతారు. ఈ చివరిదశ ప్రాణాంతకం. ఇదివరకు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్ళు, పొద్దున లేవగానే తాగితే గానీ వణుకు తగ్గనివాళ్ళు ఆసుపత్రిలో చేరే మానాలి.

మన ఊళ్ళల్లో నీరసించిన తాగుబోతుకు ఇంటి దగ్గరే గ్లూకోజు సెలైన్ పెట్టించేస్తారు. బి1 విటమిన్ అడుగంటిన ఒంట్లోకి ముందు గ్లూకోజు వెళ్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. ముందు బి1, అంటే థయమిన్ ఇంజెక్షన్ పడాలి. సీసా కట్టే మనిషిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "బి1 చేశారా?"

మానాక మళ్ళీ ఒకసారి తాగితే అంతా పోయినట్టు కాదు. ఎవరితో, ఏ సమయంలో, ఏ డబ్బుతో తాగాడో చూడండి. కూలి డబ్బు చేతికొచ్చే సాయంత్రం, జాతర, పెళ్ళి ఊరేగింపు: ఈ మూడు చోట్ల ఒక తోడు ఉండాలి. తాగి ఉన్నప్పుడు పంచాయితీ పెట్టకండి, పొద్దున మాట్లాడండి. కొడుతుంటే మాత్రం ఓర్చుకోనక్కర్లేదు, 181 మహిళల హెల్ప్‌లైన్ ఉంది.

గాలి సోకిందనీ, చిల్లంగి పెట్టారనీ అంటున్నారు. ముందు అక్కడ చూపించమంటారా?

గుడికి వెళ్ళండి. పైడితల్లికి మొక్కుకోండి, అరసవల్లిలో పూజ చేయించండి. మొక్కు మనసుకిచ్చే బలాన్ని ఎవరూ కాదనరు. మందు మాత్రం అదే వారం మొదలవ్వాలి. చెవిలో మాటలు వినబడే జబ్బుకు మొదటిసారి వచ్చినప్పుడు ఎంత త్వరగా వైద్యం మొదలైతే అంత బాగా తేరుకుంటారు. కొట్టడం, పొగ పెట్టడం, వాతలు పెట్టడం, తిండి మాన్పించడం ఉన్న చోటికి తీసుకెళ్ళొద్దు. ఎవరో ఫలానా మనిషి చిల్లంగి పెట్టారని పేరు బయటికొస్తే ఇంకా ప్రమాదం, ఆ అనుమానంతో మనుషుల్ని చంపిన ఘటనలు మన ఏజెన్సీ ప్రాంతాల్లో జరిగాయి. పేరు వినబడిన రోజే పెద్దమనుషులకూ పోలీసులకూ చెప్పండి.

పరిగెత్తి పోతున్నాడని గొలుసుతో కట్టేశాం. వేరే దారేముంది?

మీరు విసిగి కట్టలేదనీ, రోడ్డున పడతాడన్న భయంతో కట్టారనీ తెలుసు. కానీ గొలుసు ఏ రూపంలోనైనా 2017 చట్టం నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. 108కి గానీ 14416కి గానీ చెప్పండి. ఉద్రేకం ఇంజెక్షన్‌తో తగ్గుతుంది, మందు మింగనని మొరాయించేవాళ్ళకు నెలకోసారి చేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి.

పెళ్ళి చేస్తే నయమవుతుందా?

అవ్వదు. దాచి చేస్తే, పెళ్ళి హడావుడిలో మందు ఆగి జబ్బు తిరగబెడుతుంది, రెండు కుటుంబాలూ నలుగుతాయి. జబ్బు అదుపులో ఉండి, అవతలివాళ్ళకు చెప్పి, ఆ మనిషికి ఇష్టమైతే పెళ్ళి చేసుకోవచ్చు.

బాలింత ఊరికే ఏడుస్తోంది. దిష్టా?

కాన్పైన మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య మొదలై రెండు వారాల్లో తగ్గిపోయే ఏడుపు చాలామందికి వస్తుంది. నిద్ర, తిండి, చంటిబిడ్డను కాసేపు ఎత్తుకునే మరో చెయ్యి ఉంటే చాలు. రెండు వారాలు దాటితే వైద్యం కావాలి. పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి. నిద్ర అవసరమే లేనట్టు తిరగడం, బిడ్డ తనది కాదనడం, వింత మాటలు కనిపిస్తే అది అత్యవసరం. బిడ్డను వేరేవాళ్ళకు అప్పగించి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వస్తుంది. బిడ్డ బరువుతోపాటు తల్లి నిద్ర సంగతి కూడా ఆమెకు చెప్పండి.

ఇంటర్ ఫలితాల రోజు ఏం చేయాలి?

ఆ రోజు ఇంట్లో ఒకరు సెలవు పెట్టి ఉండండి. ఫలితం పిల్లాడు ఒక్కడే ఫోన్లో చూసుకోకుండా పక్కన కూర్చోండి. పరీక్ష పోతే మొదటి మాట "అన్నం తిన్నావా?" అయితే బాగుంటుంది. సప్లిమెంటరీ ఆ వేసవిలోనే ఉంటుంది, ఏడాది పోదు. చుట్టాల ఫోన్లు మూడు రోజులు మీరే ఎత్తండి.

పిల్లలు వలస వెళ్ళారు. ఊళ్ళో ముసలివాళ్ళం దిగులుపడిపోతున్నాం.

ఫోన్ ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే సగం దిగులు. హైదరాబాద్‌లో, చెన్నైలో కూలికి, వేరావల్‌లో వేటకు వెళ్ళినవాళ్ళతో రోజూ ఫలానా గంటకు అని ఖాయం చేసుకోండి, రెండు నిమిషాలైనా సరే. వేటకు సముద్రంలోకి వెళ్ళాక సిగ్నల్ ఉండదు కాబట్టి ఎన్ని రోజులు ఫోన్ రాదో ముందే చెప్పించుకోండి. పడవ యజమాని నంబరు ఇంట్లో గోడమీద రాసి ఉంచండి. 2018 నవంబరులో మన మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరి దాకా చెరలో ఉన్నారు. అలా కబురు తెలియక ఎదురుచూసే ఇంటికి ఓదార్పు మాటలకన్నా ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు ఒక తోడు ఎక్కువ ఉపయోగం. పెద్దవాళ్ళ కోసం 14567 నంబరుంది.

తుఫాను వెళ్ళి నెలలైనా భయం పోలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కూలినవి ఇంటి బిడ్డల్లా పెంచుకున్న కొబ్బరిచెట్లు. నాటు కొబ్బరి మళ్ళీ కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు. అంత నష్టానికి ఏడుపు రావడం జబ్బు కాదు. మొదటి వారాల్లో కావాల్సినవి నిలవనీడ, నీళ్ళు, అయినవాళ్ళ కబురు. జరిగిందంతా మళ్ళీ చెప్పమని ఎవర్నీ బలవంతపెట్టకండి. నెల దాటినా పీడకలలు, గాలి చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ చోటికి వెళ్ళలేకపోవడం ఉంటే డాక్టరును కలవాలి.

పింఛను వస్తుందా?

దీర్ఘకాలిక మానసిక జబ్బు 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. సదరం శిబిరంలో 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం తేలితే దివ్యాంగుల పింఛనుకు అర్హత వస్తుంది, ఆ మొత్తం 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. స్లాటు గ్రామ సచివాలయంలో అడగండి. చికిత్స చీటీలన్నీ, మొదటిదాంతో సహా, దాచి ఉంచితేనే పని జరుగుతుంది.

చూసుకునే నేనే కూలిపోయేలా ఉన్నాను.

ఇది అడగడానికి సిగ్గుపడకండి. జబ్బు మనిషిని చూసుకునే భార్యకో, తల్లికో డిప్రెషన్ రావడం అరుదేమీ కాదు. పైన చెప్పిన రెండు వారాల లెక్క మీకూ వర్తిస్తుంది. "సాయం కావాలి" అని అందరికీ చెబితే ఎవరూ రారు. ఏ పనో, ఏ రోజో చెప్పి అడగండి: "వదినా, మంగళవారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఆయన దగ్గర కూర్చో." "బావా, నెలాఖరుకు మందులు నువ్వు తెచ్చిపెట్టు." డ్వాక్రా సంఘంలో పదిమంది ఉంటే వారానికొకరు చొప్పున రెండు గంటలిచ్చినా పది వారాలు గడుస్తాయి. ఆ రెండు గంటల్లో మీరు ఇల్లు కడగకండి. పడుకోండి.